పంపినవారి పేరు

సోమవారం పొద్దున్న ఎలీషా కాలేజీ సర్వర్ రూము తలుపు తీసి, చెప్పులు గుమ్మం బయట విడిచాడు. మిషన్లున్న గదిలోకి దుమ్ము తేకూడదని ఆయన పెట్టుకున్న నియమం. అటెండర్లు నవ్వుతారు, "గుడిలోకెళ్ళినట్టు ఎల్తాడురా" అని. ఆయన పట్టించుకోడు. కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని, ఆదివారమంతా ఫిల్టరులో ఆగిపోయిన మెయిళ్ళు ఒక్కొక్కటీ చూడసాగాడు.

బియ్యంలో రాళ్ళు ఏరడం లాంటి పని. లాటరీ తగిలిందని ఒకటి, బట్టతలకు మందని ఒకటి, మీ ఖాతా మూతపడుతోందని ఒకటి. ఒక్కదాని మీదా పంపినవాడి సొంత పేరు ఉండదు. పోస్టు కవరు వెనక ఎవరి చిరునామా అయినా రాసుకోవచ్చు కదా, మెయిలూ అంతే. పేరు ఉండాల్సిన చోట ఎవరి పేరు రాసినా ఆపేవాడు లేడు. కానీ కవరు మీద ఏ ఊరి పోస్టు ముద్ర పడిందో చూస్తే తెలిసిపోతుంది. ఎలీషా వేసవి సెలవుల్లో కూర్చుని అలాంటి తనిఖీ ఒకటి పెట్టాడు. కాలేజీ పేరు పెట్టుకుని బయటి మిషను నుంచి వచ్చిన మెయిలును సర్వరు లోపలికి రానివ్వదు. పక్కన పెట్టి, పంపినవాడికి ఆ సంగతి తెలియజేస్తుంది.

"అన్నా, లోపలికి రావచ్చేటి?"

పరీక్షల సెక్షను గుమాస్తా నీలవేణి. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కాగితంలో చుట్టిన కొబ్బరిముక్క బల్ల మీద పెట్టింది.

"నిన్న అరసవల్లి ఎల్లినాం. ఇది సామికి కొట్టింది కాదులే. నీకని ఇంటికాడ ఇంకోటి కొట్టి తెచ్చినాను."

"నీకెందుకమ్మా ఈ శ్రమ?"

"నాకేటి శ్రమ? మా అత్తే గొణుగుతాది. ఆ కిరస్తానం బాబు వల్ల ఒక కాయకి రెండు కాయలు పగులుతున్నాయి ఈ ఇంట్లో అని."

ఎలీషా నవ్వి ముక్క నోట్లో వేసుకున్నాడు. అదే సమయానికి ఫోను మోగింది. రాజాంలో బియ్యం మిల్లు గుమాస్తా గంగులు. ఆ మిల్లు కాలేజీ చైర్మన్ సూరయ్యగారిది. చైర్మన్ పేరున వచ్చే మెయిళ్ళన్నీ మిల్లు కంప్యూటరు ముందు కూర్చుని కొట్టేది గంగులే.

"ఏటి బాబూ ఇది? పెద్దాయన పేరున స్టాఫు అందరికీ మీటింగని మెయిలు పెట్టినాను. పంపినవారి పేరు నిజం కాదని ఎనక్కొచ్చేసినాది. ఆయన పేరు నిజం కాకపోతే మరెవుడి పేరు నిజమట?"

"పంపింది మీరు కదండీ."

"నాను పంపితే ఆయన పంపినట్టు కాదేటి? ఆయన సంతకం కూడా నానే ఆయన కంటే బాగా పెడతాను!"

ఎలీషా ఫోను పెట్టేలోపే ప్రిన్సిపాలు స్వయంగా మెట్లు దిగి వచ్చారు. ఆయన షూ విప్పలేదు.

"ఆ తనిఖీ ఏదో తీసెయ్యండి ఎలీషా. చైర్మన్ గారు కేకలేస్తున్నారు."

"గంగులు గారి కంప్యూటర్లో చిన్న మార్పు చేస్తే సరిపోతుంది సార్. ఆయన మెయిలు మన సర్వరు మీదుగా పోయేలా. నేను రాజాం వెళ్ళి చేసొస్తాను."

"వడ్ల లెక్కలున్న మిషను. పరాయి చెయ్యి పడనివ్వరు. మీకు తెలీదా?"

"తీసేస్తే మన పేర్లు పెట్టుకుని ఏదైనా లోపలికి వచ్చేస్తుంది సార్."

"మన పేర్లు ఎవరు పెట్టుకుంటారయ్యా? అంత గొప్ప కాలేజీయా మనది?" అని ఆయన నవ్వారు. నవ్వుతూనే ఎలీషా చేతివైపు చూస్తూ నిలబడ్డారు.

పెద్ద పనేమీ కాదు. ఒక్క వరుస ముందు ఒక గుర్తు పెడితే ఆ తనిఖీ నిద్రపోతుంది. ఎలీషా గుర్తు పెట్టాడు. ప్రిన్సిపాలు భుజం తట్టి వెళ్ళిపోయారు. నీలవేణి ఏమీ అర్థం కాక, "పెద్దోళ్ళ పేచీలు" అని గొణుక్కుంటూ చెప్పులు వేసుకుంది.

*

బుధవారం ఎలీషా బస్సు దిగి వచ్చేసరికి వరండాలో నలుగురైదుగురు ఒకే ఫోను మీదకు వంగి ఉన్నారు. ఆయన్ని చూసి ఫోను జేబులోకి వెళ్ళిపోయింది. అందులో ఒకాయన ఎలీషాతో పాటు చర్చి సంఘంలో కూర్చునే మనిషే. తల తిప్పుకున్నాడు.

ఎలీషా తలుపు తీసి, ఈసారి ప్రార్థన మరిచిపోయి, మెయిలు తెరిచాడు.

పంపినవారు: నీలవేణి, పరీక్షల విభాగం. అందుకున్నవారు: కాలేజీలో అందరూ. లోపల బట్టల్లేని ఆడవాళ్ళ బొమ్మలు, మగవాళ్ళ మందు ప్రకటన, ఇంగ్లీషులో రెండు ముక్కలు, నేను ఒంటరిగా ఉన్నాను, రా అని.

చప్పున కిటికీవైపు తిరిగాడు. హుద్‌హుద్ తుపానుకు ఊడిన రేకు ఇంకా అలాగే వేలాడుతోంది. కాసేపు దాన్నే చూశాడు. తర్వాత ధైర్యం చేసుకుని మెయిలు లోపలి వరుసలు తెరిచాడు. అది నడిచివచ్చిన దారి అక్కడ ఉంటుంది. ఎక్కడో దేశం కాని దేశంలో, పేరు కూడా నోరు తిరగని ఒక మిషను నుంచి బయల్దేరింది. తనిఖీ ఉండి ఉంటే గుమ్మంలోనే ఆగిపోయేది.

తలుపు దగ్గర అడుగుల చప్పుడు. నీలవేణి వచ్చి నిలబడింది. కాళ్ళకు చెప్పులున్నాయి.

"అన్నా, నా పేరున్నాది దాని మీద."

"నువ్వు కాదమ్మా. నాకు తెలుసు."

"నా పేరున్నాది" అంది మళ్ళీ. ఏడవడం లేదు. బస్సు కింద పడబోయి బయటపడ్డ మనిషిలా మొహం తెల్లబోయి ఉంది. "మా ఆయన స్నేహితుడు కెమిస్ట్రీలో సేస్తాడు కదా. ఆయనకీ ఎల్లుంటాది. నాను ఇంటికెల్లే లోపల అది ఇంటికెల్లిపోద్ది."

మధ్యాహ్నానికి ప్రిన్సిపాలు ఆమెను పిలిచి, విచారణ తేలేదాకా రావద్దని చెప్పారు. ఎలీషా మెయిలు దారి మొత్తం అచ్చుతీసి పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఓపిగ్గానే చదివారు.

"సరే, ఆమె కాదు. మరెవరు?"

"ఎవరూ కాదు సార్. ఏదో దొంగ మిషను. పరీక్షల నోటీసుల కింద మన వెబ్‌సైటులో ఆమె అడ్రసు ఉంది. దాన్ని ఏరుకుంది, అంతే."

"ఎవరూ చెయ్యకుండా ఇంత పని జరిగిందని చైర్మన్ గారికి నేను చెప్పాలా? ఆయన మొదటి మాటే అడుగుతారు, ఎలా వచ్చిందయ్యా లోపలికి అని. అప్పుడు ఏం చెప్తారు మీరు?"

ఆయన కాగితాలు మడిచి తిరిగి ఇచ్చారు.

"ఆ తనిఖీ మళ్ళీ పెట్టెయ్యండి. కానీ తీసిన సంగతి ఎక్కడా ఎత్తకండి. పెద్దవాళ్ళతో వ్యవహారం. ఆ అమ్మాయి సంగతి నెమ్మదిగా చల్లబడుతుంది."

ఎలీషా కిందికి వచ్చి గుర్తు చెరిపేశాడు. ఒక్క వేలు పని.

*

మరునాడు ఉండబట్టలేక చైర్మన్‌కే ఫోను చేశాడు. మిల్లు రొదలో సూరయ్యగారి గొంతు సగమే వినబడింది.

"ఆయమ్మ సెయ్యలేదని నువ్వు సెప్పగలవా?"

"దేవుడి ఎదుట చెప్పగలను బాబూ."

"అయితే రమ్మను. గంగులు సేత మెయిలు పెట్టిస్తాను అందరికీ."

"బాబూ, ఆ మెయిలు లోపలికి ఎలా వచ్చిందంటే..." అని ఎలీషా మొదలుపెట్టేసరికి లారీ హారను మోగింది. ఫోను తెగిపోయింది. మళ్ళీ చేయడానికి వేలు లేవలేదు. సగం చెప్పడం చెప్పడమేనా అని బస్సులో పొందూరు దాకా తనలో తనే వాదించుకున్నాడు.

నీలవేణి అత్త సుభద్రమ్మ అరుగు మీద కూర్చుని వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతోంది. ఆ చిన్న పళ్ళ మధ్య నుంచి పత్తి పొగలాగా లేస్తోంది. ఎలీషాను చూసి పీట జరిపింది గాని చెయ్యి ఆపలేదు.

"కూకో బాబూ. ఎవుడు సేసినాడో తేలిందేటి?"

"ఎవడూ కాదమ్మా. మిషను."

"మిషనుకి మా కోడలి మీద పగేటి?"

"పగ లేదు. ఆమె ఎవరో కూడా దానికి తెలీదు."

సుభద్రమ్మ దువ్వడం ఆపింది. "అయితే నాను ఎవుడికి శాపనార్థాలెట్టాలి? రెండు దినాలనించి నోటినిండా పెట్టుకుని కూకున్నాను."

లోపలినుంచి నీలవేణి వచ్చి గుమ్మానికి ఆనుకుంది. ఆమె భర్త ధర్మేంద్ర సైకిలు తుడుస్తూ తల ఎత్తలేదు. అతను కోప్పడలేదట. ఒక్కమాట కూడా అనలేదట. అదే భరించలేకపోతున్నానని ఆమె గొంతు తగ్గించి చెప్పింది.

"చైర్మన్ గారు అందరికీ మెయిలు పెట్టిస్తానన్నారమ్మా. సోమవారం వచ్చెయ్."

"అందరూ సూసినాక వస్తాను, అన్నా. సూడకముందు రాను. ఆ వరండాలో నడవలేను."

అప్పుడు ధర్మేంద్ర సైకిలు తుడిచే గుడ్డ పిండుతూ, "ఆ మెయిలు రాకపోతే ఉద్యోగం మానిపించేస్తాను బావా. నీలవేణి దొంగతనం సేసినట్టు సూస్తారు జనం. నాను సూస్తూ కూకోలేను" అన్నాడు.

ఆ రాత్రి భోజనాల ముందు ఎలీషా పరలోక ప్రార్థన చెప్తూ, మా యెడల అపరాధము చేసినవారిని మేము క్షమించిన ప్రకారము అన్నచోట ఆగిపోయాడు. భార్య దీవెన కళ్ళు తెరిచి చూసింది.

"ఏటయినాది?"

"నీలవేణి ఎవర్ని క్షమించాలి, దీవెనా?"

"సేసినోడిని."

"చేసినవాడు లేడు. తలుపు తీసినవాళ్ళున్నారు. నేనున్నాను."

దీవెన అన్నం గిన్నె మూత పెట్టి, "మరి ఆ మాట సెప్పీసి రా" అంది. తర్వాత ప్రార్థన ఆమే ముగించింది.

*

శనివారం ఆగిపోయిన మెయిళ్ళలో, లాటరీకీ బట్టతల మందుకూ మధ్య, చైర్మన్ మెయిలు కనబడింది. ఎలీషా నుదురు కొట్టుకున్నాడు. మిల్లు నుంచి వచ్చింది కదా, తనిఖీ ఆపేసింది. అసలైన బూతును లోపలికి వదిలిన గుమ్మం, దాన్ని కడిగే మాటను ఆపేసింది. లోపలికి వదిలేద్దామని తెరిచి, అలవాటుగా ఒకసారి చదివాడు.

'పరీక్షల విభాగం గుమాస్తా శ్రీమతి నీలవేణి తన తప్పును ఒప్పుకొని, ఇకముందు ఇట్టి పని చేయనని హామీ ఇచ్చినందున, యాజమాన్యం దయతో క్షమించి విధులలోకి తీసుకొనడమైనది.'

రెండోసారి చదివాడు. ఈ మెయిలు ఆగకుండా ఉంటే ఈపాటికి అందరి ఫోన్లలో ఉండేది. కింద సూరయ్యగారి పేరుతో.

వెంటనే రాజాం బస్సెక్కాడు.

మిల్లులో సూరయ్యగారు శాంపిలు గింజల్ని అరచేతిలో నలిపి, ఊది, ఒకటి పంటికింద పెట్టి కొరుకుతున్నారు. పక్కన బల్ల దగ్గర గంగులు. ఎలీషా కాగితం ముందు గంగులుకే చూపించాడు.

"ఇది మీరు రాసిందేనా?"

"నానే. బాగులేదేటి?"

"తప్పు ఒప్పుకున్నట్టు రాశారేంటండీ? ఆమె ఏ తప్పూ చేయలేదు కదా."

గంగులు తెల్లబోయాడు. నిజంగానే తెల్లబోయాడు. "తీసీసినోళ్ళని మళ్ళీ తీసుకునేటప్పుడు అలాగే రాస్తాం బాబూ. కలాసీలకైనా, డ్రైవర్లకైనా. పేరు మారుస్తాం, అంతే. తప్పు లేనోళ్ళని తీసుకున్నప్పుడు రాసే కాయితం మన దగ్గర ఇంతవరకూ లేదు."

సూరయ్యగారు గింజ ఉమ్మేశారు. "ఇలాగ తే."

చదివించుకున్నారు. ఎలీషా మిగతా సగం చెప్పాడు. సోమవారం తనిఖీ ఎందుకు తీశారో, ఎవరి మెయిలు కోసం తీశారో, తను చెప్పీ చెప్పనట్టు ఎలా ఊరుకున్నాడో.

"అంటే నా మూలంగా అంటావు."

"నేను కూడా బాబూ. చేత్తో తీసింది నేనే."

గంగులు పరిస్థితి చక్కబెడదామని, "అప్పుడు ఎవుడో మన మార్కు సంచుల్లో నూకలు నింపి బరంపురంలో అమ్మీసినాడు కదండీ. తమరు బజార్లో నిలబడి ఆ గోనెలన్నీ కోయించీసినారు. అలాంటిదే ఇది" అన్నాడు. అని, పెద్దాయన చూపు చూసి నాలిక కరుచుకున్నాడు.

సూరయ్యగారు చేతిలోని గింజలు బల్ల మీద పోశారు.

"సరే. ఆయమ్మ తప్పు లేదని, తనిఖీ నానే తీయించినానని నువ్వే పెట్టీ. నా పేరున. నీకు తాళాలన్నీ తెలుసు కదా."

"పెట్టలేనండి."

"ఏటి?"

"మీ పేరున నేను పెడితే, ఆ బూతు మెయిలుకీ దీనికీ తేడా ఉండదు బాబూ. మీరే పెట్టాలి. మిల్లు మిషను మీద నన్ను చెయ్యి వెయ్యనివ్వండి, లేకపోతే కాలేజీకి రండి."

గంగులు భయంతో లేచి నిలబడ్డాడు. సూరయ్యగారు ఎలీషాను కొత్తమనిషిని చూసినట్టు చూశారు. ఆ చూపులో కోపముందో లేదో ఎలీషాకు తెలియలేదు. "ఎల్లు" అన్నారు.

*

సోమవారం కాలేజీ తెరవకముందే కారు వచ్చి ఆగింది. సూరయ్యగారు ఒక్కరే దిగారు. సర్వర్ రూము గుమ్మం దగ్గర ఎలీషా చెప్పులు చూసి, తనవీ విడిచారు. కుర్చీలో కూర్చుని, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులోకి మారే పద్ధతి చెప్పించుకుని, చూపుడువేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొట్టారు. ఎలీషా గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"ఎల్లిపోయిందేటి?"

"వెళ్ళింది బాబూ."

"ఇంత సిన్న పనా" అని ఆయన వేలు చూసుకుని, లేచి వెళ్ళిపోయారు.

మూడే మాటలున్నాయి అందులో. 'నీలవేణి ఆ మెయిలు పంపలేదు. ఆమె తప్పేమీ లేదు. తనిఖీ తీయించింది నేను. సూరయ్య.'

ఎలీషా పొందూరుకు ఫోను చేశాడు. తొలి గంట కొట్టేసరికి నీలవేణి వచ్చింది. ధర్మేంద్ర సైకిలు మీద గేటు దాకా దింపి వెళ్ళాడు. వరండాలో మళ్ళీ నలుగురు ఒకే ఫోను మీద వంగి ఉన్నారు. ఆమె తల ఎత్తుకునే వాళ్ళ ముందునుంచి నడిచింది. అప్పుడు వెనకనుంచి నవ్వులు వినబడ్డాయి.

"సూరయ్య నాయుడు తప్పు నాదని రాస్తాడేటిరా? కలలో కూడా రాయడు!"

"ఇదీ దొంగదే. ఈసారి ఆయన పేరే పెట్టీసినారు. మొనగాడెవుడో గాని!"

సర్వర్ రూములో ఫోను మోగుతోంది. ఎలీషా తీశాడు. పైనుంచి ప్రిన్సిపాలు.

"ఎలీషా, చూశారా? చైర్మన్ గారి పేరు కూడా వాడేశారు! తనిఖీ పెట్టమంటే ఏం పెట్టారు మీరు? వెంటనే అందరి దగ్గరా తీసెయ్యండి!"

"అది నిజమైనదే సార్. ఆయనే వచ్చి కొట్టారు. నా గదిలో."

"ఆయన వచ్చి కొట్టడమేంటి? మతి ఉండే మాట్లాడుతున్నారా? ఆయన అలా ఎందుకు రాస్తారు?"

ఎలీషా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడిపోయాడు. ఆ రోజు ఆ బూతు బొమ్మలు చూసి, నీలవేణి ఇలా ఎందుకు పంపుతుంది అని ఈ కాలేజీలో ఒక్కరు కూడా అడగలేదు. పేరు చూశారు, నమ్మారు. ఈ రోజు నిజం పేరుతో నిజం వస్తే అందరికీ బుద్ధి పనిచేస్తోంది. ప్రభువా, ఏ తనిఖీ పెడితే ఇది ఆగుతుంది?

నీలవేణి గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. నవ్వులు ఆమె కూడా విన్నది. ఫోన్లోంచి ప్రిన్సిపాలు గొంతు గదిలోకి వినబడుతూనే ఉంది, "తీసేశారా? ఎవరక్కడ? వినబడుతోందా?"

ఆమె చెయ్యి చాచి రిసీవరు తీసుకుంది.

"సార్, నాను నీలవేణిని. డ్యూటీకొచ్చినాను. నానే మాట్టాడతన్నాను. నమ్మకం లేకపోతే మెట్లు దిగొచ్చి సూసుకోండి."